సంక్రాంతికి కోనసీమ వస్తున్నారా? తాడు ఎవరి చేతిలో ఉందో కూడా చూడండి

ప్రతి డిసెంబర్ ఆఖర్లో నా ఫోన్‌కి ఒకే రకం మెసేజ్‌లు మొదలవుతాయి. "అన్నా, ఈసారి సంక్రాంతికి మీ దిక్కు వస్తున్నం. ఎక్కడ దిగాలె, ఏ పార్టీకి పోవాలె, జర చెప్పు." హాస్టల్లో నాతో పాటు ఉన్నవాళ్లు, ధర్నాల్లో, స్టడీ సర్కిళ్లలో పరిచయమైనవాళ్లు. వాళ్లకి కోనసీమ అంటే కొబ్బరిచెట్టు, పూతరేకు, కోడిపందెం. రీల్స్‌లో కనిపించేది అంతే మరి. ఆ వీడియోల్లో మా పేట ఎప్పుడూ లేదు.

ఇన్నాళ్లూ ఫోన్లో రెండు ముక్కలు చెప్పి వదిలేసేవాణ్ని. ఈసారి పొడుగ్గానే రాస్తున్నాను. నా పీహెచ్‌డీ పని ఊరేగింపుల మీద. ఎవరి ఊరేగింపు ఏ వీధిలోకి వెళ్తుంది, ఏ వీధి మొదట్లో ఆగిపోతుంది, ఎవరు ఆపుతారు అన్నదే నేను వెతికేది. కొత్తగా వచ్చేవాళ్లకి దారి చెప్పడమంటే నాకు ఆ ప్రశ్నలు మళ్లీ వేసుకోవడమే.

ముందు కొంచెం దూరం పోయి వద్దాం. ఒక అధ్యాయం కోసం రెండేళ్లుగా కరేబియన్ దీవుల కార్నివాల్ గురించి చదువుతున్నాను. కోనసీమ సంక్రాంతికీ ట్రినిడాడ్ కార్నివాల్‌కీ ఏం చుట్టరికమని మా గైడే అడిగారు. చుట్టరికం ఉంది. బానిసత్వం రద్దయ్యాక అక్కడి చెరకు తోటల్లో పనికి మన దేశం నుంచి కూలీలను ఓడల్లో తీసుకెళ్లారు. 1845లో ఫతేల్ రజాక్ అనే ఓడ మొదటి జట్టును ట్రినిడాడ్‌లో దించింది. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి పోయారు. తర్వాత మద్రాసు రేవు నుంచి పోయిన వాళ్లలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. ఇక మాకు గోదావరి అవతల, యానాం పక్కనున్న కోరంగి రేవు నుంచి మారిషస్, బర్మా వెళ్లిన కూలీలకైతే 'కోరంగీలు' అన్న పేరే పడింది. ఓడెక్కిన వాళ్లలో ఊరి అంచున ఉన్న కులాల వాళ్లు ఎంతమందో ఊహించుకోవడం కష్టం కాదు.

ట్రినిడాడ్‌లో కార్నివాల్ అంటే క్రైస్తవుల ఉపవాస దినాలు మొదలయ్యే బూడిద బుధవారానికి ముందొచ్చే సోమ, మంగళవారాలు. కానీ క్రిస్మస్ దాటిన దగ్గర్నుంచే పార్టీలు మొదలవుతాయి. వాటిని 'ఫెట్' అంటారు. కొత్తగా వెళ్లేవాళ్లకి మొదట చెప్పేది ఏ ఫెట్ ఎవరికోసమన్నదే. ఒకదానికి టికెట్ కొంటే తిండి, మందు, పాట అన్నీ అందులోనే. అది డబ్బున్నవాళ్లది. ఇంకోదానికి ఎవరి ఐసుపెట్టె వాళ్లు మోసుకుపోవచ్చు, అది కాస్త మధ్యతరగతిది. సోమవారం తెల్లవారకముందే చీకట్లో మొదలయ్యే 'జూవే' ఉంది. బురద, రంగు, నూనె ఒంటికి పూసుకుని రోడ్డు మీద గెంతుతారు. అక్కడ ఎవరు బ్యాంకు మేనేజరో ఎవరు చేపలమ్మే మనిషో బురదలో తెలియదంటారు. మంగళవారం వేషాల బ్యాండ్లు. ఈకల కిరీటం, మెరుపుల దుస్తులు కొన్నవాళ్లే బ్యాండులో నడవాలి. పెద్ద బ్యాండ్ల చుట్టూ సెక్యూరిటీ మనుషులు తాడు పట్టుకుని నడుస్తారు. రోడ్డు ప్రభుత్వానిదే, కానీ ఆ తాడు లోపలి రోడ్డు ఆ రెండు రోజులూ కొన్నవాళ్లది.

ఈ తాడు నన్ను పట్టుకుంది. ఎందుకంటే ఆ రోడ్డును గెలిచినవాళ్లు తాడు బయట ఉన్నవాళ్లే. 1783 తర్వాత వచ్చిన ఫ్రెంచి తోటల యజమానులు తమ బంగళాల్లో ముసుగు నాట్యాలు ఆడేవారు. బానిసలకు అందులో చోటు లేదు. పైగా దొరలే సరదాకి పొలంలో పనిచేసే బానిస వేషం వేసేవారు. 1834లో బానిసత్వం రద్దు చట్టం అమల్లోకి వచ్చింది, 1838లో పూర్తి విముక్తి. విడుదలైనవాళ్లు కాగడాలు పట్టుకుని, డోళ్లు కొట్టుకుంటూ వీధిలోకి వచ్చారు. చెరకు తోటకు నిప్పంటుకుంటే అర్ధరాత్రి కొరడాలతో తరిమి పనిలోకి దించిన జ్ఞాపకాన్నే ఊరేగింపుగా మార్చుకున్నారు. దాని పేరు 'కాంబూలే', కాలిన చెరకు అని అర్థం. 1881లో పోలీసులు దాన్ని అణచబోతే పోర్ట్ ఆఫ్ స్పెయిన్ వీధుల్లో జనం ఎదురు తిరిగారు. 1884లో కాగడాల మీద, డోళ్ల మీద చట్టం పెట్టి నిషేధించారు. ఆ ఏడాదే అక్టోబర్ 30న, మన పీర్ల పండగ లాంటి మొహర్రం ఊరేగింపును శాన్ ఫెర్నాండో పట్టణంలోకి రానివ్వకుండా కాల్పులు జరిపి భారతీయ కూలీలను చంపారు. అందులో ముస్లింలే కాదు హిందువులూ నడిచారు. మన ఊళ్లలో పీర్ల వెనక నడిచినట్టే.

ఆ చరిత్రంతా చదివాక మా సంక్రాంతి నాకు వేరేగా కనిపించడం మొదలుపెట్టింది.

రావడం సంగతి. అమలాపురానికి ఇప్పటికీ రైలు లేదు. కోటిపల్లి–నరసాపురం లైను మా తాతల కాలం నుంచి వస్తూనే ఉంది. హైదరాబాద్ నుంచి బస్సులో వస్తే సిద్ధాంతం దగ్గర వశిష్ట దాటి రావులపాలెం, అక్కడి నుంచి కొత్తపేట, అమలాపురం. రాజోలు వైపు వెళ్లాలంటే పాలకొల్లు మీదుగా చించినాడ వంతెన దాటాలి. పండగ ముందు రెండు రోజులు రావులపాలెంలో హైదరాబాద్ కార్లు కదలవు. సంచి చిన్నదైతే బైకు మీద ఎవరో ఒకరు ఎక్కించుకుంటారు.

మీలో చాలామంది అడిగే 'పార్టీ' కోడిపందెం బరి. భోగి, సంక్రాంతి, కనుమ. మూడు రోజులు. కొబ్బరి తోటలోనో, కోత అయిన చేలోనో నేల చదును చేసి, కంచె కట్టి, షామియానాలు వేస్తారు. రాత్రికి ఫ్లడ్‌లైట్లు, పెద్ద తెరలు, గేటు దగ్గర నల్ల టీషర్టుల బౌన్సర్లు. డేగ, కాకి, నెమలి అని పుంజు రంగుల పేర్లు వినిపిస్తాయి. కత్తి కట్టకుండా ఆడితే డింకీ పందెం. కత్తి కట్టిన పందెం కొన్ని నిమిషాల్లో తేలిపోతుంది. అసలు డబ్బు పక్కనున్న గుండాట బల్లల దగ్గర, పేకాట డేరాల్లో తిరుగుతుంది. దాని పక్కన బిర్యానీ, దాని వెనక మందు.

ఇదంతా చట్టరీత్యా నేరం. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ఉంది, 1974 నాటి గేమింగ్ చట్టం ఉంది, 2016 డిసెంబర్‌లో హైకోర్టు ఆపమని గట్టిగా చెప్పిన తీర్పు కూడా ఉంది. ఏటా పండగ ముందు పోలీసులు మైకులో హెచ్చరిస్తారు, కత్తులు కట్టేవాళ్ల మీద బైండోవర్ కేసులు పెడతారు. భోగి మధ్యాహ్నానికి ఎవరో ఒక నాయకుడు బరి దగ్గరకొచ్చి పుంజును చేతుల్లోకి తీసుకుని ఫొటో దిగుతాడు. ఆ తర్వాత చట్టం కనుమ సాయంత్రం దాకా నిద్రపోతుంది.

నేను మిమ్మల్ని వెళ్లొద్దనడం లేదు. నేనూ వెళ్లాను. వెళ్తే పుంజు మీదే కాకుండా చుట్టూ కూడా చూపు తిప్పండి. ట్రినిడాడ్‌లో టికెట్ పార్టీలు రకరకాలైనట్టే బరి చుట్టూ కూడా వలయాలుంటాయి. కుర్చీల వలయం, నిలబడేవాళ్ల వలయం, కంచె అవతల చెట్టెక్కి చూసేవాళ్ల వలయం. నేల చదును చేసింది ఎవరు? వెదుళ్లు పాతింది ఎవరు? బండ్లకి చీటీలిచ్చి పార్కింగ్ చూసే కుర్రాళ్లు ఏ పేట వాళ్లు? కనుమ మర్నాడు ఆ సీసాలు, ఆకులు, ఈకలు ఎత్తేది ఎవరు? మా ఊళ్లో పార్కింగ్ చూసే పిల్లల్లో ఇద్దరు ఇంజినీరింగ్ చదువుతున్నవాళ్లు. మూడు రోజుల కూలీ బాగానే ముట్టిందన్నారు. వాళ్లలో ఒకడు రెండో రోజు రాత్రికి ఆ కూలీ మొత్తాన్ని గుండాటలో పెట్టేశాడు.

ఇంకొక మాట, ఆడపిల్లలకి. ఈమధ్య కొన్ని బరుల్లో ఆడవాళ్లు కనిపిస్తున్నారు, కుర్చీల వలయంలో, కార్లలో వచ్చినవాళ్లు. పేట ఆడవాళ్లు అక్కడికి పోరు. వాళ్లకి ఆ మూడు రోజులూ పెద్ద ఇళ్లల్లో వచ్చిన చుట్టాలకి అంట్లు తోమే పని ఎక్కువ.

మరి చూడవలసిందేమిటి అంటే ప్రభల తీర్థం. అందులో నాకు అనుమానం లేదు.

కనుమ రోజు అంబాజీపేట మండలం మొసలపల్లి శివారు జగ్గన్నతోటకి చుట్టుపక్కల పదకొండు ఊళ్ల నుంచి పదకొండు ప్రభలు వస్తాయి. వెదురుతో కట్టి, రంగుల గుడ్డలు, పూలు చుట్టిన ఎత్తైన చట్రం, దాని నడుమ శివుడు. ఏకాదశ రుద్రులంటారు. వ్యాఘ్రేశ్వరం దేవుడు పెద్ద, మొసలపల్లి దేవుడు ఆతిథ్యమిచ్చేవాడు. తోటలో గుడి లేదు. ఒక సాయంత్రం కోసం దేవుళ్లే నడిచొచ్చి కలుసుకుని వెళ్లిపోతారు. నాలుగొందల ఏళ్లు దాటిందని ఇక్కడ చెప్పుకుంటారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక కాలువ దాటాలి. మెడలోతు నీళ్లలో, కొన్నేళ్లు ఇంకా లోతులో, భుజాల మీద ప్రభను నిలువుగా పట్టుకుని, 'శరభా' అని అరుస్తూ అవతలి గట్టెక్కుతారు. ఆ తర్వాత నాటు వేసిన పచ్చటి వరిచేలో పడి నడుస్తారు. చేను తొక్కినందుకు ఏ రైతూ ఏమీ అనడు, మంచిదంటాడు. నాస్తికుణ్నైనా ఆ కాలువ దాటే దృశ్యం దగ్గర నాకు గొంతు ఆరిపోతుంది. కొత్తపేటలోనూ ప్రభల తీర్థం జరుగుతుంది, బాణసంచా ఎక్కువ, జనం తొక్కిసలాట ఎక్కువ.

2023 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీ కర్తవ్యపథ్ మీద ఆంధ్రప్రదేశ్ శకటంగా నడిచింది ఈ ప్రభల తీర్థమే. అంతకు ఎనిమిది నెలల ముందు ఇదే కోనసీమ ఎందుకు వార్తల్లోకెక్కిందో మీకు గుర్తుండే ఉంటుంది. దాని దగ్గరికి వస్తాను.

ప్రభ దగ్గర నేను అడగమనే ప్రశ్నలు మూడు. ఎత్తే భుజం ఎవరిది? ముందు కొట్టే డప్పు ఎవరిది? ఊరు దాటి వెళ్లేటప్పుడు ప్రభ ఏ వీధిలో ఆగి కొబ్బరికాయ కొట్టించుకుంటుంది, ఏ వీధి మొదట్లోనే తిరిగిపోతుంది? జవాబు ఊరూరికీ మారుతుంది. కొన్నిచోట్ల మోసేవాళ్లలో అన్ని కులాల కుర్రాళ్లూ ఉంటారని ఊరి పెద్దలు గర్వంగా చెప్తారు. నిజం కూడా కావచ్చు. పండగ కమిటీ ఫ్లెక్సీ మీది పేర్లు చదవండి, అక్కడ ఆ అన్ని కులాలూ ఉన్నాయో లేదో లెక్కపెట్టుకోండి. మా ఊరి తీర్థంలో (జగ్గన్నతోట కాదు, చిన్నది, పేరు అనవసరం) దేవుడు మా పేటకి పోయే కల్వర్టు దాకా వచ్చి తిరిగిపోతాడు. చిన్నప్పుడు అమ్మని అడిగితే "రోడ్డు ఇరుకు నాన్నా" అంది. పదిహేనేళ్ల కింద సిమెంటు రోడ్డు పడింది, ట్రాక్టర్లు తిరుగుతున్నాయి. దేవుడు మాత్రం ఇంకా కల్వర్టు దగ్గరే వెనక్కి తిరుగుతాడు.

పిలవని దేవుడి కోసం మనకెందుకీ ఆరాటం అని అడిగే మిత్రులున్నారు. నాకూ ఆ దేవుడు అక్కర్లేదు. రోడ్డు కావాలి. 1930లో నాసిక్ కాలారామ్ గుడి దగ్గర అంబేద్కర్ నడిపిన సత్యాగ్రహంలో శ్రీరామనవమి రథాన్ని ఇరుపక్షాలూ కలిసి లాగాలని ఒప్పందం కుదిరింది. ఆ రోజు అంటరానివాళ్ల చెయ్యి తాడు మీద పడకముందే సవర్ణులు రథాన్ని లాక్కుని పరిగెత్తారు, రాళ్లు విసిరారు. ఐదేళ్లకి యేవలాలో ఆయన హిందువుగా చావనన్నారు. ఆ తాడు దగ్గర అడిగింది పూజ చేసుకునే హక్కొక్కటే కాదు.

చట్టం కూడా దీన్ని గుర్తించింది, చాలామందికి తెలియదు. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి చేసిన సవరణలు 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చాయి. సెక్షన్ 3(1)(జెడ్‌ఏ) ప్రకారం మతపరమైన, సామాజిక, సాంస్కృతిక ఊరేగింపులో దళితులు పాల్గొనకుండా, లేదా తమ ఊరేగింపు తాము తీయకుండా అడ్డుకోవడం నేరం. జాతరలు అన్న మాట అందులో స్పష్టంగా ఉంది. ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా శిక్ష. స్టేషన్‌లో ఫిర్యాదు రాసేటప్పుడు ఈ క్లాజు పేరుపెట్టి రాయండి, లేకపోతే కులం పేరుతో తిట్టారన్న ఒక్క సెక్షన్ వేసి ఊరుకుంటారు.

ఇక డప్పు సంగతి. ట్రినిడాడ్‌లో 1884 తర్వాత తోలు డోలు కొట్టొద్దన్నారు. జనం వెదురు బొంగులు నేలకేసి కొట్టారు, తర్వాత బిస్కెట్ డబ్బాలు, ఆపైన నూనె పీపాలు. 1930ల నుంచి అలా పుట్టిందే స్టీల్‌పాన్. 1992లో దాన్ని ఆ దేశపు జాతీయ వాద్యంగా ప్రకటించారు. ఇక్కడ కథ తలకిందులు. మనకి కొట్టొద్దని ఎవరూ అనలేదు, కొట్టి తీరాలన్నారు. చావుకి కొట్టాలి, దేవుడికి కొట్టాలి, సర్కారు చాటింపుకి కొట్టాలి. దాన్ని కాదన్నవాళ్లు వెలిని చూశారు. ఆ డప్పునే 1994లో దండోరా ఉద్యమం జెండాగా ఎత్తింది. వెట్టిగా కొట్టిన వాద్యం సభా వేదిక మీద ఆత్మగౌరవంగా మోగింది.

డప్పుకి తోలు కావాలి. 2016 ఆగస్టులో అమలాపురం దగ్గర, కరెంటు షాక్‌తో చచ్చిపోయిన ఆవు తోలు తీస్తున్న దళిత అన్నదమ్ములను గోరక్షకులమంటూ వచ్చినవాళ్లు చెట్టుకు కట్టి కొట్టారు. గుజరాత్ ఊనాలో అలాంటిదే జరిగి నెల తిరగలేదు అప్పటికి. తీర్థంలో డప్పు చప్పుడుకి ఒళ్లు పులకరించి వీడియో తీసుకునేవాళ్లకి ఈ సంగతి చెప్పి చూడండి, ఆ రెండూ ఒకే చోటివని నమ్మరు.

మనలో మాట ఒకటి ఒప్పుకోవాలి. మాది మాలపేట. మా ఏప్రిల్ 14 ఊరేగింపులో డప్పులు కొట్టడానికి పక్క ఊరి మాదిగపేట నుంచి జట్టును పిలుస్తాం. డబ్బు ఇస్తాం, భోజనం పెడతాం. కానీ కమిటీలో వాళ్లు లేరు. వర్గీకరణ మీద 2024 ఆగస్టు 1 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఈ చీలిక ఇంకా పెరిగింది. నేను తిరిగిన కొన్ని ఊళ్లలో ఒకే విగ్రహం దగ్గరికి రెండు ఊరేగింపులు వేర్వేరు టైముల్లో వస్తున్నాయి. అవతలివాళ్ల తాడు గురించి ఇంత రాసినవాణ్ని మా చేతిలో ఉన్న తాడు గురించి రాయకపోతే అబద్ధమవుతుంది.

పేట సొంత పండగలు వేరు. మా దగ్గర చాలా పేటల్లో సంక్రాంతి కంటే క్రిస్మస్ పెద్దది. డిసెంబర్ రాగానే ఇంటింటి మీదా నక్షత్రం వెలుగుతుంది. కువైట్‌లో, మస్కట్‌లో, దుబాయ్‌లో ఇళ్లల్లో పనికి వెళ్లిన ఆడవాళ్లు ఆ నెలలోనే సెలవు దొరికితే వస్తారు. రాజోలు, అమలాపురం పేటల్లో డాబా ఇళ్లు చాలావరకు ఆ చేతుల కష్టమే. సంక్రాంతి భూమి ఉన్నవాడి పండగ, ధాన్యం ఇంటికొచ్చినవాడి పండగ. 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటిస్తే దేశమంతా రాసింది. ఆ ఖరీఫ్‌లో నాట్లు లేక కూలీ పోయిన ఆడవాళ్ల గురించి ఎంత వెతికినా నాకు దొరికింది తక్కువ. మా అమ్మమ్మకి సంక్రాంతి అంటే కొత్త చీర కాదు, కళ్లం ఊడ్చాక మిగిలే ధాన్యం.

ఆ తర్వాత ఏప్రిల్ 14. నేను మిమ్మల్ని నిజంగా రమ్మనేది దానికే. కోనసీమలో అంబేద్కర్ నిన్న మొన్న వచ్చిన పేరు కాదు. అమలాపురం ఎమ్మెల్యేగా గెలిచిన బొజ్జా అప్పలస్వామి షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ మనిషి. ఆయన కొడుకు బొజ్జా తారకం కందికుప్పలో పుట్టాడు. కారంచేడు, చుండూరు బాధితుల తరఫున నిలబడ్డ ఆయన పేరు మీలో ఎవరికీ కొత్త కాదు. లోక్‌సభ తొలి దళిత స్పీకర్ జీఎంసీ బాలయోగి అమలాపురం ఎంపీ. అమలాపురం, రాజోలు, పి.గన్నవరం అసెంబ్లీ సీట్లు మూడూ ఎస్సీ రిజర్వుడు. ఇంత చరిత్ర ఉన్న చోటే 2022లో జిల్లాకి ఆయన పేరు పెడితే ఏం జరిగిందో చూశాం.

ఏప్రిల్ 4న జిల్లా ఏర్పడింది. మే 18న పేరు మార్పు ప్రాథమిక నోటిఫికేషన్, అభ్యంతరాలకి నెల గడువు. మే 24న అభ్యంతరం చెబుతామంటూ కలెక్టరేట్ వైపు సాగిన ప్రదర్శన హింసగా మారింది. దళితుడైన మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లు, ముమ్మిడివరం ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇల్లు తగలబెట్టారు. బస్సులు కాలాయి, 144 సెక్షన్ పెట్టారు, ఇంటర్నెట్ రోజుల తరబడి ఆగిపోయింది. ఆ తర్వాత మంత్రివర్గం ఆమోదించి, ఆగస్టులో పేరు ఖాయం చేశారు.

ఆ రోజు టీవీ చర్చల్లో అందరూ 'కోనసీమ అనే అందమైన పేరు పోతుంది' అని బాధపడ్డారు. పేరు పోలేదు, ముందు ఇంకో పేరు చేరింది, అంతే. నాకు అర్థమైనంతలో కోపం అక్షరాల మీద కాదు. అప్పటిదాకా ఆ పేరు పేటలో విగ్రహం మీద, హాస్టల్ బోర్డు మీద, ఏప్రిల్ 14 ఫ్లెక్సీ మీద ఉండేది. ఇప్పుడు ప్రతి ఇంటి అడ్రసులోకి, ప్రతి రిజిస్ట్రేషన్ కాగితంలోకి, పెళ్లి శుభలేఖలోకి రాబోయింది. కల్వర్టు దగ్గర ఆగవలసింది ఆగకుండా ఊళ్లోకి నడిచొచ్చింది. సంక్రాంతి టూరిజం పోస్టర్లు చూడండి, ఎన్నింటి మీద జిల్లా పూర్తి పేరు ఉంటుందో. బరి దగ్గర కట్టే స్వాగత ఫ్లెక్సీలూ చూడండి.

అనుమతి గురించి ఒక అనుభవం చెప్పాలి. రెండేళ్ల కింద మా పేట కమిటీ కుర్రాళ్లతో కలిసి జయంతి ఊరేగింపు అనుమతి కోసం వెళ్లాను. ఏ రూటు, ఎన్ని బండ్లు, ఎన్ని సౌండు బాక్సులు, ఎన్ని గంటలకి ముగుస్తుంది, బాధ్యులెవరు, వాళ్ల ఆధార్ జిరాక్సులు, గొడవ జరిగితే మాదే పూచీ అని రాసిన కాగితం. అన్నీ ఇచ్చాం. గుడి వీధి వద్దు, చుట్టు తిరిగి వెళ్లమన్నారు. "పండగ రోజులు కదా, ఎందుకు బాబూ లేనిపోని గొడవ" అన్నారు, మర్యాదగానే. మూడు నెలల ముందు అక్కడికి రెండు కిలోమీటర్ల దూరంలో మూడు రాత్రులు ఫ్లడ్‌లైట్లు వెలిగాయి. దానికి ఎవరి ఆధార్ జిరాక్సూ అడిగినట్టు లేదు. చట్టం ఒప్పుకున్నదానికి అన్ని కాగితాలు, చట్టం ఒప్పుకోనిదానికి ఒక్కటీ లేదు.

లండన్‌లోనూ కార్నివాల్ ఇలాంటి దెబ్బ తర్వాతే మొదలైంది. 1958లో నాటింగ్ హిల్‌లో కరేబియన్ల ఇళ్ల మీద తెల్లవాళ్ల గుంపులు దాడి చేశాయి. ట్రినిడాడ్‌లో పుట్టిన కమ్యూనిస్టు పాత్రికేయురాలు క్లాడియా జోన్స్ 1959 జనవరిలో ఒక టౌన్‌హాలు లోపల కార్నివాల్ జరిపింది. అది వీధిలోకి రావడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. ఇప్పుడు అది యూరప్‌లో పెద్ద వీధి పండగల్లో ఒకటి. 2022 మే తర్వాత మా వాళ్లు కొందరు ఆ ఏడాది ఊరేగింపులే వద్దన్నారు, భయం అలా ఉంది. ఇంకొందరు కమ్యూనిటీ హాల్లో సభ పెట్టుకుందామన్నారు. హాల్లో మొదలైనా తప్పులేదని క్లాడియా జోన్స్ కథ చదివాక అనిపించింది. హాల్లోనే ఉండిపోతే మాత్రం కల్వర్టును మనమే కట్టుకున్నట్టు.

మా జయంతి ఊరేగింపులన్నీ గొప్పగా ఉన్నాయని చెప్పను. డీజే లారీ వచ్చాక డప్పు వెనక్కి పోయింది. ఫ్లెక్సీలో బాబాసాహెబ్ కంటే స్పాన్సర్ నాయకుడి బొమ్మ పెద్దది. సాయంత్రానికి కొంతమంది కుర్రాళ్లు తాగి ఉంటారు, ఆడవాళ్లు లారీ వెనకాల చివర్లో నడుస్తారు. కిందటేడు మా పేటలో డిగ్రీ చదివే అమ్మాయిలు పట్టుబట్టి ముందు వరసలో నడిచారు. బ్యానర్ వాళ్లదే, నినాదాలు వాళ్లవే. లారీని వాళ్ల వెనక నడిపించారు. ఒకరిద్దరు పెద్దలు గొణిగారు, అంతకుమించి ఏమీ జరగలేదు.

వచ్చేవాళ్లకి కొన్ని సంగతులు. తీర్థంలో డప్పు జట్టును వీడియో తీస్తే ముందు అడగండి, పేర్లు రాసుకోండి, డబ్బు వాళ్ల చేతికే ఇవ్వండి, కమిటీకి కాదు. ఎవరైనా 'మీ ఇంటిపేరేంటండీ' అని ఆప్యాయంగా అడిగితే అది ఏ ప్రశ్నో మీకు తెలుసు. జవాబు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. కౌశిక గట్టు మీద నిలబడాలంటే కనుమ మధ్యాహ్నం పన్నెండుకే చేరాలి, తర్వాత చోటు ఉండదు. చెప్పులు చేతిలో పట్టుకోండి, గట్టు జారుతుంది.

ఏప్రిల్‌లో వస్తే ఎండ దంచేస్తుంది, టోపీ తెచ్చుకోండి. ఊరేగింపు నాలుగింటికి అని రాస్తారు, ఆరు దాటితే గానీ కదలదు. ఈసారి మాదిగపేట జట్టును కమిటీలోకి రమ్మని అడగడానికి మార్చిలో వెళ్తున్నాం, వాళ్లు ఏమంటారో ఇంకా తెలియదు. పడుకోవడానికి మా పిన్ని వాళ్ల డాబా ఉంది. దోమలుంటాయి. కల్వర్టు దాటిన తర్వాత ఎడమ చేతి వైపు మూడో ఇల్లు.